రాసింది చదవలేని టీచరు

ఆ బడిలో ఒకటో తరగతికి రెండు గదులు. మధ్యలో పలచటి గోడ. గోడకు ఇటువైపు కథల టీచరు, అటువైపు ఇసుక మాస్టారు. ఇద్దరికీ కన్నవాళ్లు పెట్టిన పేర్లు ఉండే ఉంటాయి గానీ, హాజరు పట్టీలో తప్ప వాటితో ఎవరికీ పని పడేది కాదు. పద్దెనిమిదేళ్లుగా ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

గొడవ ఆస్తి గురించీ కాదు, ప్రమోషన్ గురించీ కాదు. పిల్లలకు చదవడం ఎలా వస్తుందన్నదే గొడవ. పిల్లలు నోటి నిండా మాటలతో బడికి వస్తారనీ, ఆ మాటల్నే రాసి చూపిస్తే చదువు దానంతటదే వస్తుందనీ కథల టీచరు వాదన. పొద్దున్నే పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఇంట్లో కబుర్లు అడిగేది. వాళ్లు చెప్పింది చెప్పినట్టు బోర్డు మీద గుండ్రటి అక్షరాలతో రాసేది. బెత్తం కొసతో చూపిస్తూ తను చదివేది, పిల్లలు గొంతు కలిపేవారు. గంట తిరిగేసరికి ఆ గదంతా ఏకకంఠంతో వాక్యాలు చదువుతుంటే వరండాలో వెళ్లేవాళ్లు ఆగి వినేవారు.

అటు గదిలో చప్పుడే ఉండదు. ఇసుక మాస్టారు ఒక్కో పిల్ల ముందూ ఒక్కో చెక్క పళ్లెం పెట్టి, అందులో జల్లించిన సన్నటి ఇసుక పోసేవారు. రోజుకో అక్షరం. కళ్లు మూసుకుని వేలితో రాయగలిగిన దాకా రెండో అక్షరం ఊసు లేదు. ఆయన దగ్గర పిల్లలు నెల తిరిగేసరికి పదిహేను అక్షరాలు తడుముకోకుండా చెప్పేవారు, ఒక్క వాక్యం చదవమంటే మాత్రం బిక్కమొహం వేసేవారు.

"ఇటుకంటే ఏంటో తెలీకుండా ఇల్లెలా కడతారండీ?" అనేవారు ఆయన టీచర్ల గదిలో.

"ఏడాదంతా ఇటుకలే చూపించి ఇదే ఇల్లంటే పిల్లలు నమ్మాలా?" అనేది ఆమె.

పెద్ద టీచరు ఇద్దరినీ బల్లకు ఆ కొసనొకరినీ ఈ కొసనొకరినీ కూర్చోబెట్టేది. దానివల్ల ఒరిగిందేమిటంటే, ఇద్దరూ మరికాస్త గట్టిగా మాట్లాడాల్సి వచ్చేది.

ఒక్కసారి మాత్రం ఆ గొడవ మాటలతో పోలేదు. కథల టీచరు గదిలో రెండు జడల పిల్ల ఒకతి ఉండేది. చదవడంలో అందరికన్నా ముందు, గొంతు గంట. ఆ పిల్ల రెండో తరగతికి వెళ్లాక, రెండో తరగతి టీచరు సెలవు పెట్టిన రోజున ఇసుక మాస్టారు ఆ గదికి వెళ్లారు. ఆ పిల్ల ఒకటో తరగతిలో రోజూ చదివిన వాక్యమే బోర్డు మీద రాసి, ఒక్క మాట తప్ప మిగతాదంతా అరచేత్తో మూసి, చదవమన్నారు. ఆ పిల్ల ఒక్క మాటకు బదులు వాక్యం మొత్తం అప్పజెప్పింది. ఎప్పుడూ చూడని మరో వాక్యం రాసి చూపిస్తే ఏడ్చింది. మాస్టారు తిన్నగా టీచర్ల గదికి వచ్చి, "మీ అమ్మాయి చదవట్లేదండీ, పాడుతోంది" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు. కథల టీచరు ఆ పిల్ల బెదిరిపోయి ఉంటుందంది, మీ మొహం చూస్తే ఎవరు బెదరరంది, నెల రోజులు ఆయనతో మాట మానేసింది. లోపల మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. దిగిందని ఒప్పుకునే మనిషి కాదు గనక దిగిన చోటే ఉండిపోయింది.

ఆమెకు యాభై రెండో ఏడు నడుస్తుండగా ఒకనాడు పొద్దున్నే తలనొప్పితో లేచింది. టీ గ్లాసు పట్టుకుని పేపరు తెరిచింది.

"ఏమండీ, ఇవాళ పేపరబ్బాయి వేరే భాష పేపరేసి పోయాడు చూడండి."

ఆమె భర్త లేతు పట్టే మనిషి. ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కుతాడు గానీ మాటలు పొదుపు. పేపరు అటూ ఇటూ తిప్పి చూసి, "మన పేపరే. కళ్లజోడు తుడుచుకో" అన్నాడు. ఆమె తుడుచుకుంది. ఆయన జోడు కూడా పెట్టుకుని చూసింది. గోడ మీది క్యాలెండరులో అంకెలు తెలుస్తున్నాయి, నెల పేరు తెలియడం లేదు.

ఆసుపత్రిలో తల వెనక భాగంలో చిన్న నాళం పూడుకుపోయిందన్నారు. మాట బాగుంది, చేయి బాగుంది, కాలు బాగుంది. కుడివైపు సగం చూపు పోయింది. డాక్టరు కాగితం, కలం ఇచ్చి ఏదైనా రాయమంది. ఆమె ఎప్పటిలాగే గుండ్రంగా రాసింది: నేను సోమవారం బడికి వెళ్లాలి.

"చదవండి."

ఆమె కాగితాన్ని కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. "ఏం రాశానో గుర్తుంది కాబట్టి చెప్పగలను. ఇక్కడ ఉన్నది అదేనని మాత్రం నాకు తెలీట్లేదు డాక్టరుగారూ."

ఇలా కొందరికి జరుగుతుందంది డాక్టరు. రాసే దారి మిగిలిందట, చదివే దారి మూసుకుపోయిందట. కొంత తిరిగి రావచ్చు, ఎంతన్నది చెప్పలేమంది. ముప్పై ఏళ్లు పిల్లలకు చదవడం నేర్పిన మనిషి తన చేతిరాతను తనే చదవలేక కూర్చుంది. ఆ రోజు ఆమె ఏడ్చింది. సిగ్గుపడకుండా, ముక్కు చీదుకుంటూ, వార్డులో అందరూ చూస్తుండగా ఏడ్చింది.

బడి నుంచి సెలవు వచ్చింది, దాని వెనకాలే ఆఫీసు ఉత్తరం వచ్చింది. భర్త చదివి వినిపించాడు. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచే వారంలో కమిటీ ముందు హాజరై చదివి చూపించాలి. చూపించలేకపోతే అనారోగ్య కారణంగా ఉద్యోగం నుంచి తప్పిస్తారు.

"పోనీలే. ఇన్నాళ్లు చేశావు, చాల్లే" అన్నాడు భర్త, మంచి మనసుతోనే.

"నాకింకా ఎనిమిదేళ్లుంది. ఎనిమిది ఒకటో తరగతులు" అంది ఆమె.

ఆమెకు కావలసింది ఆ గది. జీతం మాట, పెన్షన్ మాట ఆమె నోట రానే లేదు. ఆ గదిలో జూన్‌లో నోరు తెరవని పిల్లలు మార్చిలో పుస్తకం లాక్కుని పోట్లాడుకుంటారు. అది చూడకుండా ఒక ఏడాది గడపడం ఎలాగో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఇంట్లో జాలి ఎక్కువైంది. భర్త దారిన పోయే బస్సు బోర్డుల దగ్గర్నుంచి మందు చీటీల దాకా అన్నీ చదివి వినిపిస్తున్నాడు. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని ఉందని కూడా చెప్పాడు. కూతురు ఫోన్ చేసి, "అమ్మా, ఇంక హాయిగా రెస్ట్ తీసుకో, టీవీ చూసుకో" అంది. కథల టీచరు ఫోన్ పెట్టేసి, టీవీ తీగ పీకేసి, భర్తను పిలిచి అట్టముక్కలు కోయించింది.

మొదట తన పద్ధతే పట్టింది. తను చెప్పిన వాక్యాలు భర్త లావు అక్షరాలతో అట్టల మీద రాశాడు. ఆమె ఒక్కో అట్టా చూస్తూ పైకి చదివింది. పదిరోజులకు ఇరవై వాక్యాలు గడగడా చదువుతోంది. భర్త మొహం వెలిగిపోయింది. లేతు పట్టే మనిషికి పని సరిచూసుకోవడం అలవాటు గనక, పదకొండో రోజు అట్టలన్నీ కలిపేసి మధ్యలోంచి ఒకటి తీసి చూపించాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఆయన చేతికే ఇచ్చేసింది. అట్టలు పెట్టిన వరస గుర్తుపెట్టుకుని అప్పజెప్పిందే తప్ప ఒక్క మాటా చదవలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం ముట్టలేదు. రెండు జడల పిల్లకు తను చేసింది ఇదేనని అప్పుడు అర్థమైంది. ఆ పిల్ల బోర్డు ముందు నిలబడి ఎంత ఒంటరిగా ఉండి ఉంటుందో కూడా అర్థమైంది. సాయంత్రం చీర మార్చుకుని, మూడు వీధుల అవతల ఉన్న ఇసుక మాస్టారి ఇంటికి నడిచింది. కుడివైపు చూపు లేక ఆయన గేటుకు భుజం కొట్టుకుంది.

మాస్టారు అరుగు మీద కూర్చుని కొత్త ఇసుక జల్లిస్తున్నారు. తలెత్తి, "రండి టీచరమ్మా. కాఫీ తాగుతారా, పోట్లాడతారా?" అన్నారు.

"నాకు చదవడం నేర్పండి."

జల్లెడ ఆగింది. "మీ పద్ధతేమైంది?"

"పనిచెయ్యలేదు."

"ఈ ముక్క పద్దెనిమిదేళ్ల కింద అనుంటే ఇద్దరికీ గొంతు మిగిలేది కదండీ."

"దెప్పడం అయిపోతే మొదలుపెట్టండి. మీరైతే జాలిపడరని వచ్చాను. జాలిపడేవాళ్లు ఇంట్లో ఉన్నారు."

ఆయన లోపలికి వెళ్లి, గరుకు కాగితంలోంచి కత్తిరించి అట్టకు అంటించిన అక్షరం ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఆమె కళ్లు చిట్లించి చూసింది. ఏదో చుట్ట, ఏదో తోక. ఏ అక్షరమో తెలియలేదు.

"చూడకండి. కళ్లు మూసుకుని దాని మీద వేలు నడిపించండి."

వేలు గరుకు గీత మీద మెల్లగా కదిలింది. వంపు తిరిగింది, కిందికి దిగి పైకి లేచింది. అక్షరం చివరికి చేరకముందే వేలు గుర్తుపట్టేసింది. ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసిన వేలు, మరిచిపోతుందా. "మ" అంది ఆమె. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడుపు తర్వాత" అన్నారు మాస్టారు, రెండో అట్ట ముందుకు తోస్తూ. "ఇది చెప్పండి."

ఆ వేసవంతా రోజూ ఎనిమిదింటికి ఆ అరుగు మీద బడి నడిచింది. అక్షరాలన్నీ వేలికి పట్టుబడడానికి నెల పైన పట్టింది. తర్వాత అట్టల అవసరం పోయింది. అచ్చుపుస్తకంలో అక్షరం చూస్తూ, దాని గీత వెంట వేలిని కాగితం మీద కదిపితే చాలు. ఆమె కళ్లకు వరస కుడి చివర కనపడక మధ్యలోనే ఆగిపోతుంటే, మాస్టారు పేజీ కుడి అంచున ఒక స్కేలు నిలువుగా పెట్టారు. వేలికి స్కేలు తగిలేదాకా వరస అయిపోనట్టే.

అసలు తిప్పలు మాటల దగ్గర మొదలయ్యాయి. మూడో అక్షరానికి వచ్చేసరికి మొదటిది జారిపోయేది. వాక్యం చివరికి చేరేసరికి మొదట్లో ఎవరి గురించి చెప్పారో మరిచిపోయేది. తల ప్రాణం తోకకు వచ్చేది. అందుకని ఆమె రెండక్షరాలు వేలితో పట్టుకుని, మిగతాది ఏమై ఉంటుందో ఊహించి, చివరి అక్షరంతో సరిచూసుకోవడం మొదలుపెట్టింది. మాస్టారికి ఒళ్లు మండింది.

"ఊహించకండి టీచరమ్మా. ఉన్నది చదవండి."

"ఊహించకపోతే ఈ వాక్యం పూర్తయ్యేలోపు నేనే రిటైరవుతాను. ముందు ఇది దేని గురించో చెప్పండి, అప్పుడు చదువుతాను."

"దేని గురించో తెలియడానికేగా చదివేది."

"దేని గురించో తెలీకుండా ఎవరూ చదవరు మాస్టారూ. మీ పిల్లలు తప్ప."

ఊహ తప్పితే ఆయన మొహంలో పండగ. ఊహ నిజమైతే, "అదృష్టం" అని గొణిగేవారు. రోజూ పోట్లాటే. ఆ పోట్లాటే ఆమెను నిలబెట్టింది. మెచ్చుకుంటూ కూర్చునే మనిషి దగ్గరైతే ఎప్పుడో చాలించుకునేది. మాస్టారు ఏ రోజూ తన మాట వెనక్కి తీసుకోలేదు. కాకపోతే ఒకరోజు అక్షరాల పెట్టె తీసి లోపల పెట్టేసి, ఎక్కడో సంపాదించిన కథల పుస్తకం ఆమె ముందు పెట్టి, ఏమీ ఎరగనట్టు పళ్లేలకు మేకులు కొట్టుకుంటూ కూర్చున్నారు. ఆమె కూడా ఏమీ అడగలేదు. అడిగితే తీసేసుకుంటారని తెలుసు.

కమిటీలో ముగ్గురు: ఆఫీసరు, డాక్టరు, పెద్ద టీచరు. ఆఫీసరు తన ఫైల్లోంచి ఒక సర్క్యులరు తీసి ఇచ్చాడు, బడి తోటల పెంపకం గురించి. ఆమె స్కేలు కుడి అంచున పెట్టుకుని వేలు కదపడం మొదలుపెట్టింది. ఒక్కో మాటా గట్టు ఎక్కినట్టు వస్తోంది. పెద్ద టీచరు తల వంచుకుంది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు, ఫ్యాను చూశాడు, కిటికీ చూశాడు. పేజీ పూర్తయ్యేసరికి పద్నాలుగు నిమిషాలైంది.

"ఏముంది ఇందులో?" అన్నాడు.

"మొక్కలకు రోజూ నీళ్లు పోయించాలని రెండో పేరాలో ఉంది సార్. తాగే నీళ్లు తప్ప బడిలో ఇంక దేనికీ నీళ్లు వాడకూడదని నాలుగో పేరాలో ఉంది. మేం ఏది చెయ్యాలో లేదు."

ఆఫీసరు సర్క్యులరు వెనక్కి తీసుకుని చూశాడు. కింద సంతకం ఆయనదే. డాక్టరు దగ్గొచ్చినట్టు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. ఆయన మనసున్న మనిషే, నవ్వేశాడు. "సరేనమ్మా, అర్థమైతే అవుతోంది. వేగం లేదు. అయినా ఒకటో తరగతే కదా, టీచరు పెద్దగా చదవాల్సిందేముంటుంది? ఇచ్చేద్దాం."

ఇంకెవరైనా అయితే దణ్ణం పెట్టి బయటపడేవారు. అడిగింది దొరికింది, నోరు మూసుకోవడమే మిగిలింది. కథల టీచరుకు ఆ ఒక్క విద్యే రాదు.

"ఒకటో తరగతే కదా అని ఇవ్వకండి సార్. పెద్ద తరగతుల్లో పిల్లలకి అప్పటికే చదవడం వచ్చుంటుంది, టీచరు కాస్త అటూ ఇటూ అయినా నెట్టుకొస్తారు. చదవడం రాకపోతే ఎలా ఉంటుందో ఒకటో తరగతి టీచరుకే తెలియాలి. ముప్పై ఏళ్లు నాకు తెలీదు. ఇప్పుడు తెలుసు."

ఆఫీసరు కలం మూత తీశాడు. "ఇంతకీ ఇవ్వమంటారా, వద్దంటారా?"

"ఇవ్వండి. కారణం మాత్రం మార్చి రాయండి."

ఆయన కారణమేమీ రాయలేదు. అర్ధసంవత్సరం దాకా చూసి, పిల్లల్ని పరీక్షించి, అప్పుడు తేలుస్తామని రాశాడు. బయట వరండాలో కాచుకున్న ఇసుక మాస్టారికి సంగతి చెబితే, ఆయన సంతోషించడం మాని "ఒకటో తరగతే కదా" అన్న ముక్క పట్టుకున్నారు. "అలాగన్నాడా? పదండి, అడిగే వద్దాం" అని చొక్కా చేతులు మడిచారు. ఆయన్ని గేటు దాటించేసరికి ఆమెకు చెమటలు పట్టాయి.

బడి మొదలైంది. పిల్లలకు ఈ సంగతి తెలియనివ్వొద్దని పెద్ద టీచరు ముందే హెచ్చరించింది. "వాళ్లు ఇంటికెళ్లి చెప్తారు, పెద్దవాళ్లు వచ్చి చదవడం రాని టీచరేంటని గోల చేస్తారు. అర్ధసంవత్సరం దాకా గుట్టుగా లాక్కురండి" అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. కథల టీచరు గుట్టుగానే లాక్కొచ్చింది. పొద్దున గోడ అవతలి నుంచి అరువు తెచ్చిన పళ్లేల్లో పిల్లల చేత అక్షరాలు రాయించేది. తర్వాత ఎప్పటిలాగే పిల్లల కబుర్లు బోర్డు మీద రాసేది. రాసింది రాసినట్టు గుర్తుంచుకుని బెత్తంతో చూపిస్తూ చదివించేది. ఎవరికీ అనుమానం రాలేదు. నాలుగు నెలలు గడిచాయి. వచ్చే సోమవారం ఆఫీసరు వస్తాడని కబురు కూడా వచ్చింది.

ఆ గురువారం పొద్దున్న బోర్డు మీద ఏడు వాక్యాలు రాసింది గానీ, వాటిని చదివించడం మధ్యాహ్నానికి వాయిదా పడింది. మధ్యాహ్నం అన్నాల బెల్లు తర్వాత, ముందు పళ్లు ఊడిన పిల్ల ఒకతి బోర్డు దగ్గరికొచ్చి, "టీచర్, నేను చెప్పింది ఏది?" అంది.

టీచరు బోర్డు వంక చూసింది. పొద్దున రాసిన వరస ఆమె మనసులోంచి పూర్తిగా చెరిగిపోయింది. ఏడు తెల్లటి గీతలున్నాయి, అంతే. ఏ గీతలో ఏ పిల్ల ఉందో తెలియదు. గదిలో మిగతా పిల్లలు కూడా బోర్డు వంకే చూస్తున్నారు.

బెత్తం ఎత్తింది. ఏదో ఒక వరస మీద పెడితే చాలు. ఆ పిల్ల తన వాక్యం పైకి అంటుంది, తతిమ్మావాళ్లు గొంతు కలుపుతారు, సోమవారం దాకా గడిచిపోతుంది. బెత్తం నాలుగో వరస దాకా వెళ్లింది. అక్కడ ఆమె చేయి ఆగిపోయింది. ఈ పిల్ల తనను నమ్మి అడిగింది. తప్పు చూపిస్తే ఆ తప్పునే చదువనుకుంటుంది. తెలిసి తెలిసి ఆ పని మళ్లీ చేయడం తన వల్ల కాదనుకుంది. బెత్తం బల్ల మీద పెట్టేసింది.

"నాకు తెలీదమ్మా. నాకు జబ్బు చేసి చదవడం పోయింది. మళ్లీ నేర్చుకుంటున్నాను. ఒక్కో అక్షరం పట్టుకుంటూ మెల్లగా చదవాలి. నువ్వూ రా, కలిసి వెతుకుదాం."

గదిలో ఎవరూ నవ్వలేదు. చదవడం రాకపోవడం వాళ్లకు వింత కాదు మరి. సాయంత్రానికి ఈ మాట ముప్పై ఇళ్లకు చేరుతుందని టీచరుకు తెలుసు. స్టూలు లాగి ఆ పిల్లను ఎక్కించి పక్కన నిలబడింది. సుద్ద చెరగకుండా బోర్డుకు అంగుళం దూరంలో వేలు కదిపింది. ఆ పిల్ల కూడా వేలెత్తింది. మొదటి వాక్యం ఎవరి గొడుగు గురించో. రెండోది కాదు. మూడో వరసలో టీచరు వేలు రెండో అక్షరం మీద ఉంది.

"మా తాత గురక పెడతాడు" అంది పిల్ల. "ఇదే టీచర్, నాది."

టీచరు మనసు చివుక్కుమంది. తన వాక్యమే కదా, అప్పజెప్పిందేమో. ఆమె ఏమీ అనకముందే ఆ పిల్ల వేలు కింది వరసకు దిగింది. అది ఆ పిల్లది కాదు, పొద్దున చెప్పింది ఎవరో ఇద్దరికీ గుర్తులేదు. "పా...ప. పాప. పా...లు. పాలు." ఆగింది, పెదవులు తడుపుకుంది. "తాగ... తాగలేదు. పాప పాలు తాగలేదు. టీచర్, ఎందుకు తాగలేదు?"

వెనక వరసలోంచి ఒక పిల్లాడు, "దానికి జ్వరం" అన్నాడు.

ఆ గదిలో ముప్పై ఏళ్లలో టీచరు కంటే ముందు ఎవరూ చదవలేదు. ఎలా చదువుతారు, ప్రతి వాక్యాన్నీ మొదట తనే చదివేసేది కదా. తను గొంతెత్తడం, వాళ్లు అందుకోవడం, దాన్నే ఇన్నాళ్లూ చదువనుకుంది.

ఆమె వేలు దించేసింది. "దిగకు. తర్వాతది కూడా చదువు" అంది. ఐదో వరసలో ఏముందో ఆమెకు తెలియదు. చేతులు కట్టుకుని, ఆ పిల్ల చదివేదాకా నిలబడి విన్నది.